కారు సామర్థ్యం: రోలర్ల లెక్క, రోడ్డు లెక్క

కారు బ్రోషర్‌లో 6,000 ఆర్‌పీఎం దగ్గర 90 పీఎస్ అని అచ్చయిన అంకె, ఆ కారును డైనో అనే రోలర్ల యంత్రం మీదికి ఎక్కించినప్పుడు వచ్చే అంకె, అదే కారు రోడ్డు మీద వేగం పుంజుకున్న తీరును బట్టి లెక్కగట్టిన అంకె, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవడం చాలా అరుదు. సరిపోనప్పుడు కంపెనీ అబద్ధమాడిందని ఒకరు, గ్యారేజీ యంత్రమే తప్పని మరొకరు తేల్చేయడం పరిపాటి. నిజానికి అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు పరిస్థితుల్లో తీసిన కొలతలు. ఎక్కడ, ఎలా కొలిచారో చెప్పని హార్స్‌పవర్ అంకెకు, కుంచంతో కొలిచారో మానికతో కొలిచారో చెప్పని ధాన్యం లెక్కకున్నంత విలువే ఉంటుంది.

సామర్థ్యం అంటే పని ఎంత త్వరగా జరుగుతున్నదో తెలిపే కొలత. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి చూపవలసి వచ్చి, 33,000 పౌండ్ల బరువును ఒక నిమిషంలో ఒక అడుగు ఎత్తుకు లేపగల సామర్థ్యాన్ని ఒక హార్స్‌పవర్‌గా నిర్ణయించాడు. నేటి లెక్కలో అది 745.7 వాట్లు. మెట్రిక్ పద్ధతి పాటించే ఐరోపా దేశాల్లో 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు లేపగల సామర్థ్యాన్ని ప్రమాణంగా తీసుకున్నారు, 735.5 వాట్లకు సమానమైన ఆ కొలతనే బ్రోషర్లలో పీఎస్ అని రాస్తారు. అందువల్ల 100 హార్స్‌పవర్ అన్నా 101.4 పీఎస్ అన్నా ఒకటే. బరువు, ఎత్తు, కాలం అనే ఈ పాత లెక్కనే ఘాట్ రోడ్డుకు వర్తింపజేస్తే ఒక వింత బయటపడుతుంది: 1,200 కిలోల కారు 600 మీటర్ల ఎత్తును 20 నిమిషాల్లో ఎక్కితే, ఆ ఎత్తును జయించడానికి మాత్రమే ఖర్చయిన సామర్థ్యం 6 కిలోవాట్లకు లోపే, అంటే 8 పీఎస్. 

బ్రోషర్‌లోని అంకె కారుది కాదు, ఇంజనుది. ఇంజనును కారులోంచి విడిగా ఒక బల్ల మీద బిగించి, దాని షాఫ్టుకు బ్రేకు లాంటి సాధనం తగిలించి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్ ఇస్తున్నదో, అంటే ఎంత బలంగా తిప్పుతున్నదో కొలవడం ఇందులోని పద్ధతి. ఫ్రెంచి ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ 1821లో రూపొందించిన ఘర్షణ బ్రేకు, విలియం ఫ్రూడ్ 1877లో పెద్ద ఓడల ఇంజన్ల కోసం రూపొందించిన నీటి బ్రేకు ఈ సాధనాలకు పూర్వీకులు. న్యూటన్ మీటర్లలో టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 6,000 ఆర్‌పీఎం దగ్గర 105 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజనుకు 66 కిలోవాట్లు, అంటే దాదాపు 90 పీఎస్ లెక్క తేలుతుంది. అమెరికాలో 1970ల మొదటి దాకా కంపెనీలు ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటి బరువులేవీ తగిలించకుండా ఇంజనును కొలిచి, ఆ అంకెనే ప్రకటించేవి. 1972 నాటికి అన్నీ తగిలించి కొలిచే నికర పద్ధతి రావడంతో అవే ఇంజన్లు రాత్రికి రాత్రి పదుల కొద్దీ హార్స్‌పవర్ పోగొట్టుకున్నట్టు కనిపించాయి. భారతదేశంలో పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు ధ్రువీకరించేది ఈ నికర అంకెనే.

గ్యారేజీలో కనిపించే డైనో దీనికి భిన్నమైనది. దాన్ని చాసిస్ డైనో అంటారు. అందులో ఇంజను కారులోనే ఉంటుంది, కొలత చక్రాల దగ్గర జరుగుతుంది. కారు చోదక చక్రాలను, అంటే ఇంజను తిప్పే చక్రాలను, నేలలో అమర్చిన ఉక్కు రోలర్ల మీదికి నడిపి, కారు ముందుకు దూకకుండా బలమైన పట్టీలతో నేలలోని కొక్కేలకు బిగిస్తారు. రేడియేటర్‌కు ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి, సైలెన్సర్ గొట్టానికి పొగ బయటికి లాగే గొట్టం తగిలించి, మూడో గేరులోనో నాలుగో గేరులోనో 2,000 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, ఇంజను చివరి హద్దు దాకా వెళ్లనిస్తారు. ఆ కొద్ది సెకన్లలో కంప్యూటర్ తెర మీద టార్క్ గీత, సామర్థ్యపు గీత రెండూ గీయబడతాయి. రోలర్లలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో రోలర్ చాలా బరువైనది. దాని జడత్వం, అంటే వేగం మార్చుకోవడానికి అది మొరాయించే తత్వం, ముందే కొలిచి ఉంటుంది కాబట్టి, అది ఎంత త్వరగా వేగం పుంజుకున్నదో చూసి చక్రం ఎంత సామర్థ్యం ఇచ్చిందో లెక్క కడతారు. రెండో రకంలో విద్యుదయస్కాంత బ్రేకు రోలర్‌ను కావలసినంత బలంతో పట్టి ఉంచుతుంది. ఇంజనును 3,500 ఆర్‌పీఎం దగ్గరే నిలబెట్టి, పెట్రోలు, స్పార్క్ సర్దుబాట్లు తీరిగ్గా చేసుకునే వీలు ఈ రెండో రకంలోనే ఉంది. టైర్ల బెడద లేకుండా చక్రాలు ఊడదీసి నేరుగా హబ్బులకే తగిలించే డైనోలు కూడా ఉన్నాయి.

ఇంత పకడ్బందీగా ఉన్న యంత్రం చెప్పే అంకె వేదవాక్కు కాకపోవడానికి మొదటి కారణం టైరు. చదునైన రోడ్డు మీద కంటే వంపు తిరిగిన రోలర్ మీద టైరు ఎక్కువగా నొక్కుకుపోతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది, ఆ మేరకు సామర్థ్యాన్ని తినేస్తుంది. పట్టీలు ఒక మెలిక ఎక్కువ బిగిస్తే అంకె తగ్గుతుంది, టైరులో గాలి తగ్గితే ఇంకా తగ్గుతుంది. రెండో కారణం గాలి. రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి తాకే గాలిని గ్యారేజీ ఫ్యాను ఎంత హోరెత్తినా ఇవ్వలేదు; టర్బో కారులో లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రెండు మూడు పరుగులకే కాగిపోయి, ఇంజన్ కంప్యూటర్ జాగ్రత్తపడి స్పార్క్‌ను వెనక్కి జరిపేస్తుంది. అందుకే ఒకే కారు మొదటి పరుగులో ఇచ్చిన అంకె నాలుగో పరుగులో ఇవ్వకపోవచ్చు. గేరు సంగతి మూడోది. గేరు మారితే సామర్థ్యం మారకూడదని సిద్ధాంతం చెబుతున్నా, చిన్న గేరులో ఇంజను ఆర్‌పీఎం చాలా త్వరగా పెరుగుతుంది కనుక తన సొంత ఫ్లైవీల్‌ను, గేర్లను తిప్పుకోవడానికే ఎక్కువ సామర్థ్యం ఖర్చుపెట్టి, రోలర్‌కు తక్కువ అందిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ గోల్‌మాల్ జరిగేది వాతావరణపు సవరణ దగ్గర. ఇంజను సామర్థ్యం అది పీల్చే గాలి సాంద్రతను బట్టి ఉంటుంది కాబట్టి, కొలిచిన అంకెను 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 990 మిల్లీబార్ల పొడి గాలి పీడనం అనే ప్రామాణిక పరిస్థితులకు మార్చి చెప్పడం అంతర్జాతీయ రివాజు. విశాఖపట్నం తీరాన ఈ సవరణ స్వల్పం. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో గాలి పీడనం ఎప్పుడూ తీరం కంటే సుమారు 6 శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలోని తేమ దానికి తోడైతే, మామూలు పెట్రోలు ఇంజనుకు సవరణ 11 శాతం దాకా పోతుంది. ప్రమాణమేమో సవరణ 7 శాతం దాటితే ఆ పరీక్షను అంగీకరించవద్దంటుంది. చల్లని వేళ మళ్లీ కొలవవలసిన చోట, కంప్యూటర్ 90ని 100 చేసి కాగితం మీద అచ్చువేసి ఇస్తుంది. టర్బో ఇంజనుకు ఇదే సవరణ వేయడం మరింత తప్పు. లోపలికి తోసే గాలి పీడనాన్ని టర్బో చాలావరకు తానే సరిదిద్దుకుంటుంది కనుక, జరగని నష్టానికి పరిహారం ఇచ్చినట్టవుతుంది. డైనో కాగితం మీద సవరణ గుణకం అచ్చయి ఉందో లేదో చూడకుండా ఆ కాగితాన్ని నమ్మకూడదు.

మరో వ్యసనం, చక్రాల దగ్గర వచ్చిన అంకెకు 15 శాతం కలిపి ఇంజను అంకె చెప్పడం. గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో, బేరింగుల్లో పోయే సామర్థ్యంలో కొంత భాగం మోసే బరువును బట్టి పెరుగుతుంది, కొంత భాగం నూనెను చిలకడం వంటి పనుల వల్ల వేగాన్ని బట్టి మాత్రమే పెరుగుతుంది. అందువల్ల ఇంజను సామర్థ్యాన్ని రెట్టింపు చేసినంత మాత్రాన నష్టం రెట్టింపు కాదు, ఒకే శాతం అన్ని కార్లకూ పనికిరాదు. పరుగు ముగిశాక క్లచ్ తొక్కి రోలర్లు మెల్లగా ఆగే తీరును బట్టి నష్టాన్ని కొలిచే డైనోలు కొంత మెరుగు. అయితే అప్పుడు గేర్ల పళ్ల మీద భారం ఉండదు కాబట్టి అవి చెప్పే నష్టం అసలు కంటే తక్కువ.

రోడ్డు మీద కొలిచే పద్ధతి వినడానికి మోటుగా ఉంటుంది, లోపల ఉన్న సూత్రం మాత్రం రోలర్లదే. తేడా అల్లా, బరువైన రోలర్ స్థానంలో కారు బరువే ఉంటుంది. మనుషులతో కలిపి 1,200 కిలోలున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం దగ్గర సెకనుకు సెకనుకు 1.2 మీటర్ల త్వరణంతో, అంటే ప్రతి సెకనుకూ గంటకు 4.3 కిలోమీటర్ల చొప్పున వేగం పెంచుకుంటూ పోతున్నదనుకుంటే, ఆ త్వరణానికి 1,440 న్యూటన్ల బలం కావాలి. దాన్ని సెకనుకు 27.8 మీటర్ల వేగంతో గుణిస్తే 40 కిలోవాట్లు. గాలిని చీల్చుకుపోవడానికి మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు ఆ వేగంలో మరో 8.5 కిలోవాట్లు, టైర్లు దొర్లేటప్పుడు నలిగి తినే భాగం సుమారు 4, చక్రాలు, ఇంజను లోపలి భాగాలు గిరగిరా తిరిగే వేగం పెంచుకోవడానికి 2, వెరసి 54 కిలోవాట్లు దాటి 74 పీఎస్ తేలుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. రోడ్డు లెక్కలో టైర్ల నిరోధాన్ని కలుపుకుంటున్నారు. రోలర్ లెక్కలో చోదక చక్రాల టైర్లు తిన్నది కొలతకు ముందే పోయి ఉంటుంది. కాబట్టి రెండు కొలతలూ నిర్దుష్టంగా జరిగినా, మధ్యలో మూడు నాలుగు పీఎస్ తేడా రావడం న్యాయమే.

రోడ్డు కొలతలో పొరపాట్లు ఎక్కడి నుంచి వస్తాయో చూపడానికి ఇదే కారు చాలు. 100 మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగే వాలు కంటికి ఆనదు, చదును రోడ్డనే అనిపిస్తుంది. ఆ వాలు ఈ వేగంలో 3.3 కిలోవాట్లు, అంటే నాలుగున్నర పీఎస్ మింగేస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి రెండున్నర పీఎస్, లెక్కలో రాయడం మరిచిన 70 కిలోల మనిషి మూడు పీఎస్. ఫోనులోని త్వరణ సెన్సర్‌ను నమ్ముకునేవారికి ఇంతకంటే పెద్ద ఉచ్చు ఉంది: యాక్సిలరేటర్ తొక్కగానే కారు ముక్కు పైకి లేస్తుంది, ఒక్క డిగ్రీ లేచినా సెన్సర్ భూమ్యాకర్షణలో కొంత భాగాన్ని కూడా త్వరణంగా లెక్కవేసి 0.17 అదనంగా చూపుతుంది, 1.2 దగ్గర అది 14 శాతం దొంగ సామర్థ్యం. డ్యాష్‌బోర్డు స్పీడోమీటర్‌ను చూసి లెక్క కట్టడం అసలే కుదరదు, ఎందుకంటే అంతర్జాతీయ నిబంధన ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపవచ్చు. కారు కంప్యూటర్‌కు తగిలించే ఓబీడీ పరికరం వేగాన్ని పూర్ణాంకాల్లోనే ఇస్తుంది. దానికంటే ఆర్‌పీఎంను తీసుకుని, గేరు నిష్పత్తి, టైరు చుట్టుకొలతల ద్వారా వేగాన్ని రాబట్టడం మేలు. సెకనుకు పదిసార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పరికరం ఉంటే అన్నిటికంటే ఉత్తమం.

ఈ పొరపాట్లలో చాలావాటికి మందు కూడా రోడ్డు మీదే ఉంది. ఒకే దారిలో అటు ఒకసారి, ఇటు ఒకసారి పరుగెత్తించి సగటు తీస్తే వాలు దాదాపు పూర్తిగా, గాలి చాలావరకు రద్దవుతాయి. పూర్తి వేగం అందుకున్నాక గేరును న్యూట్రల్‌లో వేసి కారును దానంతటది మందగించనిస్తే, ఏ వేగం దగ్గర ఎంత త్వరగా మందగిస్తున్నదో గాలి, టైర్ల నిరోధాన్ని ఊహతో పనిలేకుండా చెప్పేస్తుంది. కోస్ట్‌డౌన్ అనే ఈ పరీక్ష ఔత్సాహికుల చిట్కా కాదు. మైలేజీ, పొగ పరీక్షల కోసం కంపెనీలు వాడే పెద్ద చాసిస్ డైనోలకు రోడ్డు నిరోధం ఎంతో చెప్పేది ఇదే. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభమైన 11.3 కిలోమీటర్ల నాట్రాక్స్ ట్రాక్ లాంటి చోట్లు ఇలాంటి పరీక్షలకు అనువైనవి. డైనో ఎంత ఖరీదైనదైనా రోడ్డు మీద తీసిన ఆ అంకెలు తప్పయితే అది చెప్పేదంతా తప్పే అవుతుంది. 2016 ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ మిత్సుబిషి, తన చిన్న కార్ల కోస్ట్‌డౌన్ అంకెలను తగ్గించి చూపి మైలేజీ పెంచుకున్నట్టు ఒప్పుకుంది. నిస్సాన్ పేరుతో అమ్మినవాటితో కలిపి అలాంటి కార్లు 6,25,000. జపాన్ చట్టం చెప్పిన పద్ధతికి భిన్నంగా 1991 నుంచీ కోస్ట్‌డౌన్ చేస్తున్నట్టు కూడా తర్వాత బయటపడింది. రోలర్లు తిరిగిన తీరులో దోషం లేదు, రోలర్లకు అందించిన రోడ్డులోనే దోషం.

402 మీటర్ల డ్రాగ్ పరుగు కూడా ఒక విధమైన సామర్థ్యపు కొలతే. అందులో చాలామంది ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు గానీ, ఆ సెకన్లు టైర్ల పట్టు మీద, క్లచ్ వదిలిన చాకచక్యం మీద ఎక్కువగా ఆధారపడతాయి. ముగింపు గీత దాటేటప్పుడు ఉన్న వేగమే బరువుకు తగిన సామర్థ్యాన్ని నిజాయతీగా పట్టిస్తుంది. ఈ పరుగులకు రేస్ ట్రాక్ కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రయోగశాల కాదు.

రెండు పద్ధతుల్లో దేనికి ఓటు వేయాలన్న ప్రశ్నకు, ఏమి తెలుసుకోవాలన్నదే జవాబు. ఎయిర్ ఫిల్టర్ మార్చడం వల్లనో, కంప్యూటర్‌లో ట్యూనింగ్ మార్చడం వల్లనో రెండు మూడు పీఎస్ పెరిగిందా అన్నది తేలాలంటే డైనోకు సాటి లేదు, అయితే అదే డైనో, అదే పూట, అదే గేరు, అదే బిగువు పట్టీలు అయినప్పుడే. ఒక ఊళ్లోని డైనో అంకెను మరో ఊళ్లోని డైనో అంకెతో పోల్చి గెలిచామనుకోవడం పసితనం. కారు మొత్తంగా రోడ్డుకు ఎంత అందిస్తున్నదో తెలియాలంటే మాత్రం, రెండు దిక్కులా చేసిన రోడ్డు పరుగు, దాని వెంటే చేసిన కోస్ట్‌డౌన్ చెప్పే మాటకు గ్యారేజీ కాగితం కంటే ఎక్కువ బరువివ్వడం సబబు.

పోలిక సరిగ్గా ఉంటే డైనో ఎంత పెద్ద కంపెనీనైనా నిలదీయగలదని అమెరికాలో రుజువైంది. ఫోర్డ్ 1999 మోడల్ మస్టాంగ్ కోబ్రాకు 320 హార్స్‌పవర్ అని ప్రకటించింది. అంతకు ముందటి కోబ్రాకు 305 ఉండేది. కొత్త కార్లను చాసిస్ డైనోల మీద పెట్టి చూసిన యజమానులకు ఆ పెంపు కనబడలేదు. ఫిర్యాదులు ముదిరేసరికి ఫోర్డ్ ఆ ఏడాది ఆగస్టులో అమ్మకాలు ఆపి, అమ్మినవాటిని వెనక్కి పిలిచి, ఇంజనుకు గాలినందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను, పొగ గొట్టాలను మార్చి, కంప్యూటర్‌ను సరిచేసి ఇచ్చింది. రెండేళ్ల తర్వాత మాజ్దా కూడా అమెరికాలో తన ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారు అంకెను 155 నుంచి 142కు దించి, కావాలన్నవారి దగ్గర కార్లను తిరిగి కొనడానికి ముందుకొచ్చింది. దీనికి తలకిందులైన కథ జపాన్‌లో నడిచింది: అక్కడి కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒప్పుకుని ఏ కారుకూ 280 పీఎస్ మించి ప్రకటించలేదు, రోలర్లు మాత్రం కొన్ని కార్లకు అంతకంటే బాగా ఎక్కువే చూపించేవి.

ఈ రోజుల్లో కారుకు తాను ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ముందు చక్రాలు గిర్రున తిరుగుతూ వెనుక చక్రాలు కదలకపోతే, జారుతున్నానని భావించి ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను గొంతు నొక్కేస్తుంది. అందుకే ఎన్నో కార్లకు డైనో మీద పరీక్షించే ప్రత్యేక స్థితి ఉంటుంది. ఇదే తెలివిని వక్రమార్గం పట్టించిన ఉదంతం ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగ కొలిచే పరికరాలను డిక్కీలో పెట్టుకుని రోడ్ల మీద నడిపి చూసినప్పుడు, డైనో మీద బుద్ధిమంతులుగా ఉన్న కార్లు రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి ఎన్నో రెట్లు వదులుతున్నట్టు తేలింది. 2015లో కంపెనీ తప్పు ఒప్పుకోక తప్పలేదు.

విద్యుత్ కార్లతో లెక్క మరో మలుపు తిరిగింది. మోటారు ఇచ్చే సామర్థ్యం బ్యాటరీలో ఎంత చార్జ్ మిగిలి ఉంది, అది ఎంత వేడెక్కింది అన్నవాటిని బట్టి నిమిష నిమిషానికీ మారుతుంది. నిండు చార్జ్‌తో వచ్చిన అంకె 20 శాతం చార్జ్ దగ్గర రాకపోవచ్చు. అందువల్ల నిబంధనలు విద్యుత్ మోటారుకు రెండు అంకెలు అడుగుతాయి: ఒకటి గరిష్ఠ సామర్థ్యం, రెండోది 30 నిమిషాల పాటు వేడెక్కి మొరాయించకుండా ఇవ్వగల సామర్థ్యం. మొదటిదాన్ని రోడ్డు మీద కొద్ది సెకన్లలో పట్టుకోవచ్చు, ప్రకటనల్లో కనిపించేదీ అదే. రెండోది సాధారణంగా అందులో సగం దాకా పడిపోవచ్చు; దాన్ని కొలవడానికి అరగంట సేపు ఒకే భారంతో ఎడతెగకుండా నడపాలి, అంతసేపు వాలు మారని, గాలి మారని రోడ్డు ఎక్కడా లేదు కనుక, ఆ పనికి డైనోయే దిక్కు.